ఎపాక్సీ రెసిన్, హార్డెనర్‌లను తూచి కలపాలా, కొలిచి కలపాలా?

ప్రశ్న:
పాత చెక్క పలకలతో ఒక పనిబల్ల తయారు చేస్తున్నాను. పలకల్లోని పగుళ్లను ఎపాక్సీతో (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలను కలిపితే గట్టిపడే పదార్థంతో) నింపి, ఆ తర్వాత పైభాగమంతా పలచగా పూత వేయాలని ఉద్దేశం. రెండు పాళ్ల రెసిన్‌కు ఒక పాలు హార్డెనర్ కలపాలని, అది ఘనపరిమాణం ప్రకారమని డబ్బా మీద రాసి ఉంది. నా దగ్గర ఒక్కో గ్రాము చొప్పున చూపించే వంటింటి కాటా ఉంది. పగుళ్లకు ఒక్కోసారి పదిహేను గ్రాముల మిశ్రమం చాలు. అదే నిష్పత్తిలో తూచి కలపవచ్చా? త్వరగా గట్టిపడడానికి హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే నష్టమా?

జవాబు 1:
ఘనపరిమాణానికి ఇచ్చిన నిష్పత్తిని కాటా మీద వాడకూడదు, ఎందుకంటే సాధారణంగా రెసిన్ హార్డెనర్ కంటే బరువుగా ఉంటుంది. రెసిన్ సాంద్రత మిల్లీలీటరుకు 1.15 గ్రాములు, హార్డెనర్‌ది 0.97 అనుకుందాం. 60 మిల్లీలీటర్ల రెసిన్ 69 గ్రాములు, దానికి సరిపడే 30 మిల్లీలీటర్ల హార్డెనర్ సుమారు 29 గ్రాములు తూగుతాయి. అలా కాకుండా 69లో సగమని 34.5 గ్రాములు పోస్తే హార్డెనర్ దాదాపు 19 శాతం ఎక్కువవుతుంది. తయారీదారు ఇచ్చే సాంకేతిక పత్రంలో తూకం నిష్పత్తి విడిగా ఉంటే దానినే పాటించండి. లేకపోతే అందులోని సాంద్రతలతో ఇలాగే లెక్క కట్టుకోండి.

హార్డెనర్ పెంచితే పని త్వరగా అవుతుందన్న అభిప్రాయం పాలియెస్టర్ రెసిన్‌కు అలవాటుపడినవారిలో కనిపిస్తుంది. అక్కడ చర్యను ప్రారంభించే పదార్థాన్ని కొద్ది శాతమే కలుపుతారు కనుక మోతాదును బట్టి వేగం మారుతుంది. ఎపాక్సీలో మాత్రం హార్డెనర్ అణువులు రెసిన్ అణువులతో బంధం ఏర్పరచుకుని గట్టిపడిన పదార్థంలోనే భాగమవుతాయి. బంధం కుదరక మిగిలిన హార్డెనర్ లోపలే ఉండిపోయి పూతను మెత్తబరుస్తుంది. వేగం కావాలంటే అదే రెసిన్‌కు తయారీదారు సూచించిన వేగవంతమైన హార్డెనర్‌ను ఎంచుకోవాలి తప్ప పాళ్లు మార్చకూడదు.

జవాబు 2:
నిష్పత్తి సరిగ్గా తెలిసినా ఆ కాటా మీ పగుళ్ల పనికి చాలదు. పదిహేను గ్రాముల మిశ్రమంలో హార్డెనర్ నాలుగున్నర గ్రాములే ఉంటుంది. అర గ్రాము అటూ ఇటూ అయినా కాటాలో తెలియదు, కానీ అది పది శాతానికి మించిన తేడా. 0.1 గ్రాము వరకు చూపించే కాటా గాని, రెండు సిరంజిలు గాని వాడండి. ఏ సిరంజి దేనిదో గుర్తు రాసి, ఒకదానిని మరొక ద్రవంలో ముంచకండి. ఒక కప్పులో కొలిచి మరొక కప్పులోకి ఒంపితే మొదటి కప్పు గోడకు అంటుకున్నంత మేర పాళ్లు తప్పుతాయి. కాబట్టి కలిపే కప్పులోనే కొలవండి.

పూతకు ఎక్కువ మోతాదు కావాలి కనుక డబ్బాలకు బిగించే పంపులు అనుకూలం. అయితే పంపు గొట్టంలో గాలి ఉంటే ఆ నొక్కుకు ద్రవం తక్కువగా వస్తుంది. మొదట గాలి పోయేవరకు విడిగా నొక్కి, ఒక జత నొక్కులను తూచి సరిచూసుకోండి. చలికి రెసిన్ చిక్కబడితే పంపు నెమ్మదిగా నిండుతుంది. నొక్కిన పిడి పూర్తిగా పైకి వచ్చేవరకు ఆగాలి.

జవాబు 3:
కొలత ఎంత కచ్చితమైనా కప్పు అడుగున, అంచుల వెంట కలవని రెసిన్ మిగిలితే అక్కడక్కడ జిగట మచ్చలు తప్పవు. గోడలను, అడుగును చదునైన పుల్లతో గీకుతూ కలిపి, పూత కోసమైతే మిశ్రమాన్ని శుభ్రమైన రెండో కప్పులోకి మార్చి మళ్లీ కలపడం మంచిది. కలిపినదంతా లోతైన కప్పులో వదిలేస్తే తనలో పుట్టిన వేడికే త్వరగా గట్టిపడిపోతుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పోస్తే పనికి ఎక్కువ సమయం దొరుకుతుంది. నైట్రైల్ చేతి తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ ఏర్పడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పగుళ్లలో నింపే మిశ్రమానికి చెక్కపొడి కూడా కలపాలనుకుంటున్నాను. దాని బరువును లెక్కలోకి తీసుకోవాలా?

జవాబు 2 రాసినవారు:
అవసరం లేదు, అది చర్యలో పాల్గొనదు. ముందు రెసిన్, హార్డెనర్ రెండింటినీ పూర్తిగా కలిపి, ఆ తర్వాతే పొడిని తగినంత చిక్కదనం వచ్చేవరకు కొద్దికొద్దిగా చేర్చండి. పొడి బాగా ఎండి ఉండాలి.