అబుధాబిలో ఒక్క రోజు, ఐదు కోస్టర్లు, నాలుగు పూరీలు. మీరు ఎక్కినవి కూడా చెప్పండి

కోస్టర్ పిచ్చోడు, మారతహళ్ళి:

అందరికీ నమస్తే. సొంతూరు ఒంగోలు, పదకొండేళ్ళుగా బెంగళూరే. మా ఇంట్లోవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి లీవు పెడితే నేను రోలర్ కోస్టర్ ఎక్కడానికి పెడతా. మా ఆవిడకు ఇది ఎప్పటికీ అర్థం కాదు, నేనూ చెప్పడం మానేశా.

జనవరిలో ఆఫీసు పని మీద దుబాయ్ పంపారు. శుక్రవారం మధ్యాహ్నానికి పని అయిపోయింది, తిరుగు ఫ్లైటు ఆదివారం. శనివారం టీమంతా బుర్జ్ ఖలీఫా, గోల్డ్ సూక్ అని బయల్దేరితే నేనొక్కణ్ణే అబుధాబి బస్సెక్కా. యాస్ ఐలాండ్‌లో ఫెరారీ వరల్డ్. వీడియోలు చూసి చూసి ఎక్కడ మలుపు ఎక్కడ వాలు అన్నీ కంఠతా వచ్చేసిన పార్కు అది. పొద్దున హోటల్లో టిఫిన్ ఫ్రీ కదా అని నాలుగు పూరీలు లాగించి వెళ్ళా. ఈ పూరీల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

గేటు తీయగానే జనమంతా పోయేది ఫార్ములా రోస్సా అనే కోస్టర్‌కే. 2010లో పార్కుతో పాటే మొదలైంది. గంటకు 240 కిలోమీటర్లు. మొన్న 2025 చివర్లో సౌదీలోని ఖిద్దియాలో ఫాల్కన్స్ ఫ్లైట్ తెరిచి 250తో రికార్డు లాక్కునేదాకా ప్రపంచంలో ఇదే ఫాస్టు. ఎక్కేముందు కళ్ళకు గాగుల్స్ ఇస్తారు. బయట ఎడారి కదా, ఇసుకో పురుగో. ఆ వేగంలో ఈగ తగిలినా గులకరాయి తగిలినట్టే.

బండి మెల్లగా కొంచెం జరిగి ఆగింది. పక్కసీటు మలయాళీ కుర్రాడు "ఫస్ట్ టైమా?" అన్నాడు. అవునని తల తిప్పేలోపు తల తిప్పే అవకాశం పోయింది. సున్నా నుంచి 240కి 4.9 సెకన్లు. వీపు సీటుకు అతుక్కుపోయింది. అరుద్దామని నోరు తెరిస్తే గాలి లోపలికి దూరి బుగ్గలు టపటపా కొట్టుకున్నాయి తప్ప అరుపు బయటికి రాలేదు. గాగుల్స్ అంచు బుగ్గ ఎముక మీద నొక్కుకుని, దిగాక అద్దంలో చూసుకుంటే ఎర్రగా గీత పడి ఉంది. రెండు కిలోమీటర్ల ట్రాకు నిమిషంన్నరలో అయిపోయింది.

ఇప్పుడు తిట్టేవాళ్ళు తిట్టండి. మొదటి ఐదు సెకన్లు అద్భుతం. ఆ తర్వాత అది చాలా ఫాస్టుగా పోయే కారు, అంతే.

నా మనసు దోచింది ఫ్లయింగ్ ఏసెస్. 2016లో వచ్చింది, వేగం దాంట్లో సగమే, 120. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ యుద్ధవిమానం నడిపిన ఫ్రాంచెస్కో బరాక్కా పేరు మీద అల్లిన రైడు. ఫెరారీ కారు మీద కాళ్ళెత్తిన గుర్రం ఉంటుంది చూశారా, ముందు అది ఆయన విమానం మీద బొమ్మ. 51 డిగ్రీల వాలులో పైకి లాగుతారు. అంత నిటారులో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నట్టే ఉంటుంది. తర్వాత 52 మీటర్ల లూపు. కానీ తలకిందులు చేయదు. పైకెళ్ళాక ట్రాకే మెలి తిరిగి మనల్ని నిటారుగా ఉంచేస్తుంది. మొదటిసారి నాకు అర్థం కాలేదు, లూపు ఎప్పుడు అయిందా అని దిగాక వెనక్కి తిరిగి చూశా.

అసలు మజా తర్వాతి గుట్టల మీద. అంచు దాటగానే ఒళ్ళో ఉన్న బార్ తొడలకు తగిలింది. అంటే నేను సీటు మీద లేను! చిన్నప్పుడు పల్లెవెలుగు బస్సు ఆఖరి సీట్లో కూర్చుంటే కల్వర్టు దగ్గర కడుపులో జివ్వుమనేది గుర్తుందా, సరిగ్గా అదే. కాకపోతే ఇక్కడ కల్వర్టు మీద కల్వర్టు. మూడుసార్లు ఎక్కా, రెండుసార్లు ఆఖరి వరుసలో.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఫియొరానోలో రెండు బళ్ళు పక్కపక్కన పోటీ పడతాయి, పిల్లలకు బాగుంటుంది. మిషన్ ఫెరారీలో ఒకచోట ట్రాకు ముక్క మొత్తం పక్కకు ఒరిగి జారుతుంది, ముందే తెలిసి కూడా ఉలిక్కిపడ్డా. టర్బో ట్రాక్ పైకప్పును చీల్చుకుని నిట్టనిలువుగా 64 మీటర్లు లేస్తుంది, అక్కడ ఒక్క క్షణం ఆగినట్టే ఆగి వెనక్కి పడుతుంది.

టర్బో ట్రాక్ దిగాక పూరీలు గుర్తొచ్చాయి. బాత్రూమ్ వెతుక్కుంటూ ఎలా పరుగెత్తానో నాకే తెలుసు. తర్వాత గంటసేపు బెంచీ మీద సోడా తాగుతూ వచ్చేపోయే జనాన్ని చూస్తూ కూర్చున్నా. అంత డబ్బు పెట్టి కొన్న రోజులో ఒక గంట నాలుగు పూరీలకు పోయింది.

సింగపూరో జపానో వెళ్ళినవాళ్ళు రాయండి. ముందు వరుసా, ఆఖరి వరుసా, అదీ తేల్చండి.

బెల్లందూరు నురగ:

నాలుగు పూరీలు తిని టర్బో ట్రాకా! అన్నా, రికార్డు నీదే, ఫాల్కన్స్ ఫ్లైట్‌ది కాదు.

సిరి వాళ్ళమ్మ, హెచ్ఎస్ఆర్ లేఅవుట్:

మేం సింగపూర్ వెళ్ళాం. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, నేను, ఆయన. సెంటోసాలోని యూనివర్సల్ స్టూడియోస్‌లో బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అని రెండు కోస్టర్లు ఒకదానికొకటి ఎదురొస్తాయి. ఎర్రదాని పేరు హ్యూమన్, మామూలుగా కూర్చునేది. నీలందాని పేరు సైలాన్, ట్రాకు నెత్తిమీద ఉంటుంది, కాళ్ళు గాలిలో వేలాడతాయి, ఐదుసార్లు తలకిందులు చేస్తుంది. మావారు ఎర్రది, నేను నీలంది. ఎదురొచ్చినప్పుడు చెయ్యూపాలని ఒప్పందం. ఎవరు ఎవరికి ఊపామో దేవుడికే తెలియాలి.

మీకు పనికొచ్చే ముక్క ఒకటి. ఒంటరిగా వెళ్తే సింగిల్ రైడర్ లైన్ ఉందేమో అడగండి. ఎక్కడైనా ఒక సీటు ఖాళీ ఉంటే అందులో కూర్చోబెడతారు, లైను చకచకా కదులుతుంది. భార్యాభర్తలు కూడా విడివిడిగా ఆ లైన్లో నిలబడొచ్చు. మేం రివెంజ్ ఆఫ్ ద మమ్మీ అనే రైడుకు అదే చేశాం. కటిక చీకట్లో ఉన్నట్టుండి వెనక్కి లాక్కెళ్తుంది అది. పక్కనున్న చైనా ముసలాయన చెయ్యి గట్టిగా పట్టేసుకున్నా. దిగాక ఆయన నవ్వుతూ నమస్కారం పెట్టాడు.

సింగపూర్లో మధ్యాహ్నం ఉరుములొస్తే బయటి రైడ్లు ఆపేస్తారు. అందుకని పెద్దవన్నీ పొద్దున్నే ఎక్కేయండి. మాకు అది తెలియక గంటసేపు చూరు కింద నిలబడ్డాం. అత్తయ్యగారి సంచిలో చేగోడీలు బయటపడింది అప్పుడే.

రిటైర్డ్ ఫిట్టర్, జాలహళ్ళి:

బాబూ, నేను ముప్పై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేశాను. ఇలాంటివి ఎక్కను, కానీ ఎక్కడ కనిపించినా కింద నిలబడి చూస్తాను. మీరు సీటు మీద నుంచి లేచారన్నారే, బండి కూడా పట్టా మీద నుంచి లేవాలనే చూస్తుంది. లేవకుండా ఆపేవి చక్రాలే. పట్టా పైన నడిచేవి కొన్ని, పక్కనుంచి పట్టుకునేవి కొన్ని, పట్టా కిందినుంచి పట్టుకునేవి కొన్ని. ఆ కింది చక్రాల ఏర్పాటుకు జాన్ మిల్లర్ అనే అమెరికా ఆయన 1919లో పేటెంట్ తీసుకున్నాడు. అవి లేని రోజుల్లో గుట్టలు మెత్తగా, వాలుగా కట్టేవాళ్ళు. అవి వచ్చాకే నిటారు గుట్టలు.

గొలుసుతో పైకి లాగేటప్పుడు టకటకమంటుంది కదా, అది గొలుసు చప్పుడు అనుకుంటారు అందరూ. కాదు. బండి కింద ఒక కొక్కెం, ట్రాకు మీద రంపంలాంటి పళ్ళు. గొలుసు తెగినా వెనక్కి జారకుండా ఆ కొక్కెం ఒక్కో పంటిలో పడుతూ పోతుంది. రాచెట్ స్పానర్ తిప్పితే వచ్చే చప్పుడు అదే. మీ 240 బండికి గొలుసు లేదు. పంపులు నూనెను తోసి నైట్రోజన్ వాయువును నొక్కిపెడతాయి. వదిలితే ఆ ఒత్తిడి మోటార్లను తిప్పుతుంది, పెద్ద డ్రమ్ము చుట్టూ తాడు చుట్టుకుంటూ బండిని ఈడుస్తుంది.

ఇక వరుస సంగతి. బండి నడుమ భాగం శిఖరం దాటేదాకా ముందు పెట్టె వాలు మీద నెమ్మదిగా వేలాడుతుంది. ఆఖరి పెట్టె శిఖరానికి వచ్చేసరికి బండి వేగం పుంజుకుని ఉంటుంది, కాబట్టి వెనకవాళ్ళను కొండ మీదినుంచి లాగి పారేస్తుంది. చూడాలంటే ముందు, తేలాలంటే వెనక.

బెల్లందూరు నురగ:

గురువుగారూ, ఒకే ట్రాకు మీద రెండు మూడు బళ్ళు తిరుగుతాయి కదా. గుద్దుకోవా?

రిటైర్డ్ ఫిట్టర్, జాలహళ్ళి:

రైల్వేలో ఉన్న పద్ధతే. ట్రాకును బ్లాకులుగా విడగొడతారు, ఒక బ్లాకులో ఒకే బండి. ముందు బండి దాటిందని సెన్సర్ చెప్పేదాకా వెనక బండిని ముందు బ్లాకులోకి వదలరు. బ్రేకులు చాలావాటికి అయస్కాంతాలే. వాటి మధ్యలోకి రాగి రేకు దూరితే అందులో కరెంటు పుట్టి అదే బండిని వెనక్కి పట్టి నెమ్మదింపజేస్తుంది. లైన్లో కరెంటు పోయినా పనిచేస్తుంది, తాకేది లేదు, అరిగేది లేదు.

మైనస్ ఆరు, వైట్‌ఫీల్డ్:

జపాన్ గురించి అడిగారు. టోక్యో షింజుకు నుంచి బస్సులో గంటన్నర పైనే పడుతుంది ఫూజీ-క్యూ హైల్యాండ్ పార్కు. ఫుజియామా అని 1996లో కట్టిన కోస్టర్, 79 మీటర్ల ఎత్తు, రెండు కిలోమీటర్ల పైన ట్రాకు. అందులో పైకి లాగేటప్పుడు ఫూజీ పర్వతం మొత్తం కనబడుతుందని దానికోసమే వెళ్ళా. కళ్ళజోడు ఎగిరిపోతే ఊరుకాని ఊళ్ళో గుడ్డివాణ్ణైపోతానని లాకర్లో పెట్టేశా. నా పవర్ మైనస్ ఆరు. పైకెళ్ళాక అందరూ అటు చూసి "ఓ" అంటున్నారు. నాకు ఇడ్లీ పిండి ఒలికినట్టు తెల్లటి మరక కనబడింది. ఫోటోలో చూసుకున్నా తర్వాత.

అదే పార్కులో టకబిషా కోస్టర్ ఇంకో రకం. 121 డిగ్రీలు, అంటే నిట్టనిలువు కూడా దాటి లోపలికి వంగిన వాలు. అంచు మీదికి తెచ్చి ఆపుతుంది. ముందు వరుసలో నా కాళ్ళ కింద ఏమీ లేదు. మసక చూపు ఉన్నందుకు మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నా. కళ్ళజోడువాళ్ళు తల వెనక కట్టుకునే తాడు కొనుక్కెళ్ళండి, అనుమతిస్తారో లేదో రైడు దగ్గర అడిగి ఎక్కండి.

కొరియా రిటర్న్:

పిచ్చోడు బ్రో, ఇన్ని ఇనప కోస్టర్ల గురించి మాట్లాడుకుని చెక్క కోస్టర్ను వదిలేస్తే ఎలా? ట్రైనింగ్ కోసం సువాన్లో మూడు నెలలున్నా. అక్కడికి దగ్గర్లోనే ఎవర్‌ల్యాండ్ పార్కు, అందులో టీ ఎక్స్‌ప్రెస్. 2008లో కట్టారు, మొత్తం చెక్క దూలాల అడవి. 56 మీటర్ల ఎత్తు, మొదటి వాలు 77 డిగ్రీలు. ఆ తర్వాత గుట్ట వెనక గుట్ట, ఊపిరి తీసుకోనివ్వదు. నీ ఫ్లయింగ్ ఏసెస్ నేనూ ఎక్కా. బాగుంది, కానీ దీని ముందు దిగదుడుపే.

కోస్టర్ పిచ్చోడు, మారతహళ్ళి:

కొరియా బ్రో, ఎక్కాక ఒప్పుకుంటా. అప్పటిదాకా ఒప్పుకోను.

ఫిట్టర్ గారూ, ఆఖరి వరుస విషయం ఇన్నాళ్ళూ ఒంటికి తెలుసుగానీ కారణం తెలియదు. థాంక్స్ అండీ.

మూడో క్లాసు నాన్న, కేఆర్ పురం:

ఒక జాగ్రత్త చెప్పి పోతా. ఇక్కడే ఒక ట్రావెల్స్ ఆయన, పేరెందుకులెండి, ఒకే రోజుకు రెండు పార్కుల కాంబో టికెట్ అంటగట్టాడు. చవక కదా అని కొన్నా. ఒక పార్కులో లైన్లు, ఇంకో పార్కుకు పరుగులు, రెండింట్లోనూ సగం కూడా చూడలేదు. పైగా మావాడు ఎత్తు చాలక పెద్ద రైడ్లన్నిటి దగ్గరా వెనక్కి వచ్చాడు. ఆ కొలబద్ద బొమ్మ దగ్గర మడమలెత్తి నిలబడ్డాడు పాపం, అక్కడి అమ్మాయి భుజం మీద చెయ్యేసి మెల్లగా దించింది. ఆ మొహం చూడలేకపోయా. టికెట్ కొనకముందే ఇంట్లో గోడ దగ్గర నిలబెట్టి టేపుతో కొలవండి, పార్కు సైట్లో ఒక్కో రైడుకు ఎంత ఎత్తు కావాలో ఉంటుంది.

భయస్తుడు:

ఇవన్నీ చదువుతుంటేనే అరచేతులు చెమటలు పట్టాయి. జాతరలో రంగులరాట్నం ఎక్కి ఏడ్చిన రకం నేను. నాలాంటివాడు ఎక్కడ మొదలెట్టాలి? కళ్ళు బైర్లు కమ్ముతాయంటారు, నిజమేనా?

కోస్టర్ పిచ్చోడు, మారతహళ్ళి:

దూరమెందుకు బ్రో, మన బిడది వండర్లాలోనే మొదలెట్టు. నా మొదటి పెద్ద కోస్టర్ అక్కడి రీకాయిలే. ముందుకు తీసుకెళ్ళి మెలికలు తిప్పుతుంది, అటు చివర పైకి లాగి అదే దారిలో వెనక్కి వదులుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఏం రాబోతుందో కనబడదు కాబట్టి భయపడటానికి కూడా టైముండదు. దానికంటే ముందు చిన్నవి రెండు ఎక్కి చూసుకో.

బైర్లు కమ్మడం నిజమే. లూపు అడుగున, గట్టి మలుపుల్లో రక్తం కాళ్ళవైపు పోతుంది, చూపు అంచుల్లో బూడిదరంగు అవుతుంది. తొడలు, పొట్ట బిగబట్టి తల సీటుకు ఆనించి కూర్చుంటే చాలావరకు తగ్గుతుంది. బీపీ, గుండె, నడుం సమస్యలుంటే మాత్రం డాక్టరును అడక్కుండా ఎక్కకు.

వచ్చే నెల ఒక బుధవారం లీవు పెడుతున్నా. వీకెండ్ ఐతే లైన్లోనే పొద్దుపోతుంది. పర్పుల్ లైన్ మెట్రోలో చల్లఘట్ట దాకా, అక్కడినుంచి బస్సు. ఎవరెవరొస్తారు?

భయస్తుడు:

వస్తా. ఎక్కుతానని మాత్రం మాటివ్వను.

సిరి వాళ్ళమ్మ, హెచ్ఎస్ఆర్ లేఅవుట్:

బుధవారం పిల్లలకు స్కూలు. అంటే నేను రావచ్చన్నమాట!

రిటైర్డ్ ఫిట్టర్, జాలహళ్ళి:

నేనూ వస్తాను బాబూ. ఎక్కను, కింద నిలబడి చక్రాలు చూస్తాను, మీ బ్యాగులు నా దగ్గర పెట్టుకోవచ్చు. బిడదిలో తట్టె ఇడ్లీ తిందాం. దిగాకే.