93 సివిక్: ఈసీయూలో (ఇంజను కంప్యూటరులో) చిప్ వేయించాక పెట్రోలు వాసన, ఐడిల్ నిలకడగా లేదు. తప్పు చిప్‌దా, ఇంజనుదా?

ప్లేనో_సివిక్ (ప్రశ్న)

నమస్కారం. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. నా దగ్గర 1993 హోండా సివిక్ ఈఎక్స్ ఉంది. 1.6 లీటర్ల వీటెక్ ఇంజను (డీ16జెడ్6), అయిదు గేర్ల మాన్యువల్. ఎంఎస్ చదివే రోజుల్లో 1,800 డాలర్లకు కొన్నాను. ఉద్యోగం వచ్చి వేరే కారు కొన్నా దీన్ని వదులుకోలేకపోయాను.

రెండు నెలల క్రితం ఎగ్జాస్టుకు హెడర్ (ఇంజను నుంచి పొగను బయటకు తెచ్చే గొట్టాలు) వేయించాను. ఆ తర్వాత నా పీ28 రకం ఈసీయూని ఆన్‌లైన్‌లో ఒకరికి పోస్టులో పంపి చిప్ వేయించుకున్నాను. "మీ ఇంజనుకు తగ్గట్టే రాశాం" అన్నారు. బిగించిన రోజు నుంచీ ఇంజను వేడెక్కాక ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజను వేగం) నిమిషానికి 900 నుంచి 1,800 చుట్ల దాకా ఎక్కుతూ దిగుతూ ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే అద్దం మూసినా పెట్రోలు వాసన వస్తోంది. గ్యాలనుకు 33 మైళ్ళు ఇచ్చే బండి 24కు పడిపోయింది. చెక్ ఇంజన్ లైటు మాత్రం వెలగడం లేదు.

అమ్మినవారు జవాబివ్వడం లేదు. ఇంకొకరి దగ్గర కొత్త చిప్ కొనమంటారా? లేక నేనే క్రోమ్ (Crome, హోండా ఈసీయూ ప్రోగ్రామ్‌లు మార్చేది) సాఫ్ట్‌వేర్‌లో చిప్‌లోని అంకెలు మార్చుకోవచ్చా? ఐటీలోనే పనిచేస్తాను కానీ సోల్డరింగ్ ఎప్పుడూ చేయలేదు.

గుజరాతీ_గల్లీ

కొత్త చిప్ కొనకండి. అంకెల జోలికి అప్పుడే వెళ్ళకండి. మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోయి ఉండవచ్చు. వాటిని విడదీయడానికి సోల్డరింగ్ ఐరన్, పది నిమిషాల సమయం చాలు.

పీ28 లోపల ఏం చేస్తారో ముందు తెలుసుకోండి. ఫ్యాక్టరీ ప్రోగ్రామ్ ఓకీ కంపెనీ ప్రాసెసర్ లోపలే ముద్రించి ఉంటుంది, దాన్ని చెరపలేరు. అయితే హోండావారు అదే బోర్డు మీద బయటి చిప్‌కు చోటు ఖాళీగా వదిలారు. 28 కాళ్ళ చిప్‌కు ఒక వరస రంధ్రాలు, పక్కనే 20 కాళ్ళ 74హెచ్‌సీ373కు మరో వరస. ఈ రెండోది ఎందుకంటే, ప్రాసెసర్ చిరునామాలో కింది ఎనిమిది బిట్లనూ, డేటానూ ఒకే తీగల మీద వంతులవారీగా పంపుతుంది. చిరునామాను కాసేపు పట్టి ఉంచేది ఈ 373. వీటితోపాటు ఒక రెసిస్టరు, రెండు చిన్న కెపాసిటర్లు వేసి, చివరగా జే1 అని అచ్చు వేసి ఉన్న చోట చిన్న తీగ ముక్క అతికిస్తారు. ఆ తీగ ఉంటే ప్రాసెసర్ బయటి చిప్‌ను చదువుతుంది. లేకపోతే తన లోపలి ప్రోగ్రామ్‌తోనే నడుస్తుంది.

మీకు పనికొచ్చేది ఇదే. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ముందు ప్యాసింజరు కాళ్ళ దగ్గర కార్పెట్ వెనక ఉన్న ఈసీయూని బయటకు తీసి, జే1 తీగను ఒక వైపు కరిగించి పైకి లేపండి. అతికించడం కంటే ఒక కాలు ఎత్తడం చాలా తేలిక, కొత్తవారూ చేయగలరు. ఇక మీ బండి 1993లో హోండా రాసిన ప్రోగ్రామ్‌తో నడుస్తుంది. రెండు రోజులు తిప్పండి. ఏ జబ్బు పోయిందో అది చిప్‌ది, ఏది మిగిలిందో అది ఇంజనుది. చిప్ మాత్రం పీకి జే1 అలాగే ఉంచకండి. అప్పుడు ప్రాసెసర్‌కు చదవడానికి ఏమీ ఉండదు, లైటు వెలిగి బండి కుంటుతుంది.

ఈలోగా ఇంకో పని. ఈ ఇంజనులో వేడెక్కాక, సర్వీస్ కనెక్టర్ రెండు తీగలూ కలిపి పెట్టి, టైమింగ్ లైటుతో చూస్తే టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్కు పడుతుందన్నది) 16 డిగ్రీలు ఉండాలి (రెండు డిగ్రీలు అటూ ఇటూ). పుల్లీ మీద మూడు గీతల గుంపులో మధ్యదైన ఎర్ర గీత సూచికకు ఎదురుగా రావాలి. స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటరు ఎంత తిరిగి ఉందో ఈసీయూకు తెలియదు. అది 16 దగ్గరే ఉందని నమ్మి లెక్క వేస్తుంది. ఎవరో దాన్ని నాలుగు డిగ్రీలు ముందుకు తిప్పి ఉంటే, ప్రోగ్రామ్‌లోని టైమింగ్ పట్టికలో ప్రతి అంకెకూ నాలుగు డిగ్రీలు కలిసినట్టే. పైగా మీ ఇంజనుకు నాక్ సెన్సర్ లేదు. స్పార్కు మరీ ముందుగా పడి లోపల టకటకమని కొట్టుకుంటున్నా ఈసీయూ వినలేదు, వెనక్కి తగ్గించదు. పిస్టన్ రింగులు విరిగాకే మీకు తెలుస్తుంది. పెట్రోలు ఎక్కువైతే డబ్బు పోతుంది, పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ పోతుంది. టైమింగ్ ఎక్కువైతే ఇంజనే పోతుంది. టైమింగ్ పట్టికను ముట్టుకోవద్దని నేను కొత్తవారిని బతిమాలేది అందుకే.

నేను 90ల చివర్లో కోఠి గుజరాతీ గల్లీలో చెరిపి మళ్ళీ రాయగల 27సీ256 మెమరీ చిప్‌లు కొని, కదిలే అక్షరాల బోర్డులకు ప్రోగ్రామ్ రాసేవాడిని. చిప్ నడుమ గుండ్రటి గాజు కిటికీ, దాని లోపల నువ్వుగింజ రంగు సిలికాన్ ముక్క, అంచుల నుంచి వెంట్రుకకంటే సన్నని తీగలు. అతినీలలోహిత దీపం కింద ఇరవై నిమిషాలు పెడితే రాసిందంతా చెరిగిపోయేది. ఎండ తగలకుండా కిటికీ మీద కాగితం అంటించేవాళ్ళం. పదేళ్ళ తర్వాత ఆస్టిన్‌లో మొదటిసారి హోండా ఈసీయూ మూత విప్పితే లోపల అదే చిప్ కనిపించింది. అక్షరాల బోర్డుకు రాసినా, ఇంజనుకు రాసినా 32,768 బైట్లే. కానీ అక్కడ తప్పు రాస్తే ఒక అక్షరం వంకరపోతుంది, ఇక్కడ తప్పు రాస్తే పిస్టన్‌కు కన్నం పడుతుంది. ఆ తేడా నేను ఏ రోజూ మరచిపోలేదు.

మీ చిప్‌ను సాకెట్ నుంచి తీసి టీఎల్866 లాంటి చిప్ ప్రోగ్రామర్ పరికరంతో చదివి, ఆ ఫైలును క్రోమ్‌లో తెరవండి. మొదట ఆక్సిజన్ సెన్సర్ ఆపేసి ఉందా చూడండి. చాలామంది అదే చేస్తారు. సెన్సర్ ఉంటే ఈసీయూ మామూలు వేగంలో గాలి-పెట్రోలు నిష్పత్తిని 14.7 దగ్గర సరిదిద్దుకుంటూ ఉంటుంది. దాన్ని ఆపేస్తే పట్టికలో ఎంత రాసి ఉంటే అంత పోస్తుంది. సెన్సర్‌ను అడగడమే మానేసింది కాబట్టి లైటు కూడా వెలగదు. చిప్ 27ఎస్ఎఫ్512 అయితే కంగారు పడకండి. అది 64 కిలోబైట్లది, ప్రోగ్రామ్ పై సగంలో ఉంటుంది, కింది సగం ఖాళీగా కనిపించవచ్చు.

ఫ్రీమాంట్_వాసి

పై మాటలకు నా అనుభవం కలుపుతున్నాను. నాది 95 ఇంటెగ్రా. కాలిఫోర్నియాలో మరీ కొత్తవి తప్ప, 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లకు రెండేళ్ళకోసారి పొగ పరీక్ష తప్పదు, బండి ఎంత పాతదైనా సరే. చిప్ వేసిన ఈసీయూతో వెళ్ళి నైట్రోజన్ ఆక్సైడ్ల దగ్గర తప్పాను. టైమింగ్ ముందుకు జరిపిన ఫలితం అది. అసలు ఈసీయూ బీరువాలో ఉండబట్టి బతికిపోయాను. టెక్సాస్‌లో 25 ఏళ్ళు దాటిన బండికి ఆ పరీక్ష లేదని తెలుసు. అయినా కాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, ఉద్గార పరికరాలను పనిచేయకుండా చేయడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పే. పిల్లలను స్కూలు దగ్గర దింపే వరుసలో మన బండి వెనక నిలబడేవాళ్ళ గురించి కూడా ఆలోచించండి.

ప్లేనో_సివిక్

ఆలస్యానికి మన్నించండి. మీరు చెప్పినట్టే చేశాను.

జే1 ఒక కాలు లేపాను, చేతులు వణికాయి కానీ బోర్డుకు ఏమీ కాలేదు. పెట్రోలు వాసన ఆ సాయంత్రమే పోయింది. ఐడిల్ మాత్రం అలాగే ఎక్కుతూ దిగుతూ ఉంది! అంటే రెండు జబ్బులన్న మీ మాట నిజమే.

చిప్ చదివాను. ఆక్సిజన్ సెన్సర్ ఆపేసే ఉంది. ఇంధన పట్టికను ఫ్యాక్టరీ ఫైలుతో పోల్చితే దాదాపు ప్రతి గడీలో అంకె ఎక్కువ. టైమింగ్ లైటుతో చూస్తే డిస్ట్రిబ్యూటరు 20 దగ్గర ఉంది. 16కు తెచ్చాను. ఐడిల్ గురించి ఇంకేం చూడాలి?

గుజరాతీ_గల్లీ

20 అని చదివి ఒక్క క్షణం భయం వేసింది. 16కు తెచ్చారు, సంతోషం.

ఐడిల్‌కు ముందు రేడియేటర్ నీళ్ళు నిండుగా ఉన్నాయా, లోపల గాలి చిక్కుకుందా చూడండి. తర్వాత థ్రాటిల్ బాడీ కింద ఉన్న ఫాస్ట్ ఐడిల్ వాల్వు విప్పండి. చల్లటి ఇంజనుకు అదనపు గాలి ఇచ్చి, వేడెక్కాక మూసుకోవడం దాని పని. లోపల స్క్రూలా తిరిగే ప్లాస్టిక్ ముక్క ఏళ్ళ తరబడి వేడికి వదులై వెనక్కి జరుగుతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, ఈసీయూ పెట్రోలు ఆపుతూ పోస్తూ ఉంటుంది, అదే మీ 900-1,800. దాన్ని చేతితో నెమ్మదిగా బిగించి, కొత్త రబ్బరు రింగు వేసి మూయండి.

హెడర్ జాయింటు దగ్గర గాలి లీకు ఉందేమో కూడా చూడండి. అక్కడ లీకుంటే ఆక్సిజన్ సెన్సర్ గాలి ఎక్కువుందని పొరబడి ఇంకా పెట్రోలు పోయిస్తుంది.

ప్లేనో_సివిక్

ప్లాస్టిక్ ముక్క రెండు చుట్లు వదులుగా ఉంది. బిగించాను. వేడెక్కాక సూది 750 దగ్గర నిలబడింది, ఏసీ వేసినా కదలలేదు. హెడర్ జాయింటులో లీకు లేదు. చిప్‌ను సాకెట్‌లోనే ఉంచి జే1 కాలు లేపే వదిలేశాను. గాలి-పెట్రోలు నిష్పత్తిని కచ్చితంగా చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కొన్నాక, ఫ్యాక్టరీ ఫైలు నుంచి మొదలుపెట్టి, ఇంధన పట్టిక ఒక్కటే, ఒక్కో గడీ చొప్పున చూసుకుంటాను. టైమింగ్ ముట్టుకోను. నిన్న నింపిన ట్యాంకు లెక్క గ్యాలనుకు 32 మైళ్ళు వచ్చింది.