కరోనాలో సరిహద్దులు అందరికీ ఒకేలా మూశారా?

కొబ్బరితోట: "కరోనా అందర్నీ సమానం చేసేసింది" అని మొన్న రావులపాలెం టీ కొట్లో ఒకాయన తేల్చేశాడు. నాకు మా బాబాయి గుర్తొచ్చాడు. కువైట్‌లో లారీ డ్రైవరు. 2021 మొదట్లో సెలవు మీద వచ్చి, పీహెచ్‌సీలో ఆ రోజు ఏదుంటే అదే వేయించుకున్నాడు, కోవాగ్జిన్ రెండు డోసులు. టీకా వేసుకున్న విదేశీయుల్ని కువైట్ ఆగస్టులో రానిచ్చింది. వాళ్లు ఒప్పుకున్న టీకాల జాబితాలో ఆస్ట్రాజెనెకా ఉంది, అంటే మన కోవిషీల్డ్. కోవాగ్జిన్ లేదు, మన హైదరాబాద్‌లో తయారైనదే! కోవిషీల్డ్ వేసుకున్న పక్క వీధి కుర్రాడు వెళ్లిపోయాడు. బాబాయేమో రోజూ పొద్దున్నే అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) కార్డు తీసి, తేదీ చూసుకుని, మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టేవాడు. నవంబర్ 3న డబ్ల్యూహెచ్‌ఓ గుర్తింపు వచ్చేసరికి ఆ లారీ ఇంకొకడు నడుపుతున్నాడు.

గట్టుమీద: మూయకపోతే ఏమయ్యేదండీ? యానాం 30 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఆంధ్రా, పాలన పుదుచ్చేరిది. 2020లో సరిహద్దు మూస్తే సొంతూరికొచ్చిన యానాం వాళ్లే బయట ఆగిపోయారు. కష్టమే. కానీ ఆ చిన్న ఊళ్లో ఆసుపత్రి మంచాలెన్ని?

కొబ్బరితోట: మూయొద్దని నేనెక్కడన్నాను మాష్టారూ? జబ్బు మన దేశానికి వచ్చింది విమానంలో. నడిచింది మాత్రం ఒడిశా కూలీలు, మన హైవే మీద, నెత్తిన మూటలతో. మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి 12కి మూసేశారు. వాళ్లకు రైళ్లు మొదలైంది మే 1న.

లంకపిల్ల: ఇద్దరూ మగాళ్ల సంగతే చెబుతున్నారు. మా అత్త మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లింది. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్‌లో పనికెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి, పైగా ఆడవాళ్లనైతే 30 ఏళ్లు నిండితేగానీ వెళ్లనివ్వరు. ఇన్ని అడ్డంకులు దాటి వెళ్తే ఆ పాస్‌పోర్టు కాస్తా కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, బీరువాలో. మే 7న బయట చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయని ఇక్కడ మేం సంబరపడ్డాం. టికెట్టు డబ్బులు సొంతవి, సరే, అప్పు చేసైనా పంపేవాళ్లం. బీరువా తాళం ఎవరు తీస్తారు? "ఎప్పుడొస్తావే" అని నాయనమ్మ ఫోన్లో అడిగితే అత్త నవ్వింది. "కరోనా రాకముందు మాత్రం నన్ను గేటు దాటనిచ్చారేంటమ్మా" అంది.

గట్టుమీద: ఇది నాకు తట్టలేదమ్మా. యానాం మాట మాత్రం వెనక్కి తీసుకోను.