హిరోషిమా బాధితుల ఫోటోలు తీసేటప్పుడు

ప్రశ్న: హిరోషిమా అణుదాడి నుంచి బతికి బయటపడిన వృద్ధులను, అప్పటి శిథిల గోపురాన్ని ఫోటోలు తీయాలనుకుంటున్నాను. కాలిన మచ్చలున్న చేతులను దగ్గరగా చూపించడం తగునా?

జవాబు 1: ముందు కెమెరాను సంచిలోనే ఉంచి వారు చెప్పేది పూర్తిగా వినండి, ఏ ఫోటో ఎక్కడ ప్రచురిస్తారో వివరించి, మచ్చలు చూపించాలా వద్దా అన్న నిర్ణయాన్ని వారికే వదిలేయండి. కిటికీ పక్కన కూర్చోబెడితే ఫ్లాష్ అవసరమే ఉండదు. ఆ మెరుపు కొందరికి భరించరానిది కావచ్చు.

జవాబు 2: అణుబాంబు పడిన 1945 ఆగస్టు 6న హిరోషిమాలోని మియుకి వంతెన దగ్గర క్షతగాత్రులను చూసిన పత్రికా ఫోటోగ్రాఫర్ యోషితో మత్సుషిగే చాలాసేపు షట్టర్ నొక్కలేకపోయారు. ఆ రోజు ఆయన తీసినవాటిలో మిగిలినవి ఐదు ఫోటోలే అయినా, అవి అమూల్యమైన సాక్ష్యాలుగా నిలిచాయి. అటువంటి సంకోచం మీకూ ఉండాలనే నా అభిప్రాయం.

జవాబు 3: గోపురాన్ని మోతొయాసు నదికి పడమటి ఒడ్డు నుంచి, సాయంత్రపు ఏటవాలు వెలుతురులో తీయండి, ఇనుప చట్రమూ పెచ్చులూడిన ఇటుకలూ స్పష్టంగా కనిపిస్తాయి.