అప్‌డేట్: మా వాడిని హాస్టల్ నుంచి తెచ్చేయమంటారా అని జూన్‌లో అడిగాను కదా

తేలేదండీ. గుర్తులేనివాళ్లకి: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బాబుని ఎనిమిదో తరగతికి ఫాదర్ల బడిలో చేర్చి, అక్కడి హాస్టల్లోనే ఉంచాం. ఫోన్ చేసిన ప్రతి ఆదివారం ఏడుపే. దసరా దాకా ఆగమని మీలో ఒకరన్నారు, ఆగాం.

వాడి గొడవ చదువు గురించి కాదు. ఐదింటికి మోగే గంట, నోరు మెదపనివ్వని స్టడీ అవర్, ట్రంకు పెట్టెలోంచి మాయమయ్యే ఆవకాయ. వార్డెన్ ఫాదర్‌తో మాట్లాడాక పెట్టెకి కొత్త తాళం వచ్చింది. గంట మాత్రం అలాగే మోగుతోంది, మోగనీయండి.

మేం హిందువులం కాబట్టి ప్రార్థన సంగతీ అడిగాను. రాజ్యాంగంలోని 28(3) అధికరణం చెప్పారొకరు: ప్రభుత్వ గుర్తింపో ఎయిడో ఉన్న బడిలో, గార్డియన్ ఒప్పుకోకుండా మైనరు పిల్లల్ని ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని. ఉత్తరం రాసుకుని టెన్షన్‌గా వెళ్లాను. "దివ్యపూజ (చర్చిలో చేసే మాస్) కతోలిక పిల్లలకేనండీ, ఆ టైములో మీవాడు చదువుకోవచ్చు" అనేశారు ఫాదర్ గారు.

తీరా అక్టోబరు, వాళ్లకి జపమాల మాసం (మరియమాతకి జపమాల ప్రార్థనలు చేసే నెల), వచ్చేసరికి పాటల గుంపులో తబలా మావాడిదే! వాడే అడిగాడట. మేమూ సరేనన్నాం.

సెలవులయ్యాక పెట్టె తనే సర్దుకున్నాడు. ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు కావాలన్నాడు, ఒకటి పక్క మంచం వాడికట.