మొదటి బేలు తీసేస్తే బరువు 5 చూపిస్తోంది, వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్

కందుకూరు అమ్మాయి:
అన్నలూ, నేను బీటెక్ రెండో ఏడు. మాది కందుకూరు దగ్గర పల్లె, నాయన పొగాకు వేస్తాడు. సీ భాషలో లింక్డ్ లిస్టుకు (గొలుసులా కలిపిన ముక్కలు, ఒక్కో ముక్క ఒక నోడ్) ఎవరికి నచ్చిన ఉదాహరణ వాళ్లు రాసుకోమంటే నేను మా బేళ్ల లెక్కే తీసుకున్నా. ఒక్కో నోడ్‌లో బేలు నంబరు, బరువు (రెండూ ఇంట్, అంటే పూర్ణాంకాలు), నెక్స్ట్ (తర్వాతి నోడ్ అడ్రెస్). వేలంలో అమ్ముడుపోయిన బేలును లిస్టులోంచి తీసేయాలి.

41, 42, 43, 44 నంబర్లు. 118, 125, 121, 130 కిలోలు. మధ్యలో 43 తీస్తే చక్కగా పోతుంది. చివరిది 44 తీసినా ఇబ్బంది లేదు. 41 తీసి ప్రింట్ చేయిస్తే మాత్రం బేలు నంబరు చోట 1తో మొదలయ్యే పది అంకెల సంఖ్య వస్తోంది. రన్ చేసిన ప్రతిసారీ అది మారుతుంది. పక్కన బరువు ఎప్పుడు చూసినా 5. ఆ వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఉబుంటు 22.04, జీసీసీ.

మొదటి నోడ్ తీసేదానికి రాసింది ఇదీ (హెడ్‌లో ఉండేది మొదటి నోడ్ అడ్రెస్), తెలుగులోనే టైపు చేస్తున్నా:

వాయిడ్ డిలీట్(స్ట్రక్ట్ నోడ్ *హెడ్, ఇంట్ నంబర్)
టెంప్ = హెడ్;
హెడ్ = హెడ్->నెక్స్ట్;
ఫ్రీ(టెంప్);

హెడ్‌ను ముందుకు జరిపాకే కదా ఫ్రీ చేశాను (ఆ నోడ్ మెమరీ తిరిగి ఇచ్చేశాను). రెండు రాత్రులుగా దీంతోనే కూర్చున్నా. ఎల్లుండి ల్యాబ్‌లో చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

కావలి కోడర్:
ప్రింట్ లూప్‌లో హెడ్ నల్ (ఏ అడ్రెస్సూ లేదనే గుర్తు) అవునో కాదో చూస్తున్నావా? లిస్టు ఖాళీగా ఉన్నప్పుడు నాకు ఇలాగే అయ్యేది.

కందుకూరు అమ్మాయి:
చూస్తున్నా అన్నా. అయినా అదే వస్తోంది.

ఒంగోలు సీ మనిషి:
నల్ చెక్ ఇక్కడ పనికిరాదు చెల్లెమ్మా. ఫ్రీ చేసినంత మాత్రాన పాయింటర్ (అడ్రెస్ దాచుకునే వేరియబుల్) నల్ అయిపోదు, పాత అడ్రెస్‌తోనే ఉంటుంది.

మెయిన్‌లో ఉన్న హెడ్‌ను ఒక చీటీ అనుకో. దాని మీద 41వ నోడ్ అడ్రెస్ ఉంది. సీ ఆ చీటీని ఫంక్షన్‌కు ఇవ్వదు, జిరాక్స్ తీసి ఇస్తుంది. డిలీట్ ఆ జిరాక్స్ మీద 42 అడ్రెస్ రాసుకుని, 41ని ఫ్రీ చేసి వెళ్లిపోయింది. మెయిన్ దగ్గర ఉన్న అసలు చీటీ మీద ఇంకా 41 అడ్రెసే ఉంది. 43 ఎందుకు సరిగా పోయిందంటే, అక్కడ నువ్వు మార్చింది 42 నోడ్ లోపలి నెక్స్ట్‌ను. నోడ్‌కు జిరాక్స్ లేదు, ఉన్నది ఒక్కటే.

ఇక ఆ 5. నువ్వు అంత జాగ్రత్తగా గమనించి రాసినందుకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే అది ఊరికే వచ్చిన చెత్త కాదు. నీ నోడ్ 16 బైట్లు: నంబరు 4, బరువు 4, నెక్స్ట్ 8. ఫ్రీ చేసిన ముక్కను గ్లిబ్‌సీ (మెమరీ ఇచ్చిపుచ్చుకునే సీ లైబ్రరీ) తన ఖాళీ ముక్కల జాబితాలో కలుపుకుంటుంది (అదీ లింక్డ్ లిస్టే), ఆ లింకును ముక్క మొదటి 8 బైట్లలోనే రాస్తుంది. 2020లో వచ్చిన గ్లిబ్‌సీ 2.32 నుంచి ఆ లింకును ఉన్నదున్నట్టు రాయదు. ముక్క అడ్రెస్‌ను 12 బిట్లు కుడికి జరిపి దాంతో ఎక్సార్ (రెండింటి బిట్లు వేరుగా ఉన్నచోటే 1 వచ్చే లెక్క) చేసి రాస్తుంది. నీ ఉబుంటులో ఉన్నది 2.35. నీది మొదటి ఫ్రీ కాబట్టి లింకు సున్నా, మిగిలేది జరిపిన అడ్రెస్ ఒక్కటే. అక్కడ హీప్ (నోడ్లకు మెమరీ దొరికే చోటు) అడ్రెస్ హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా రాస్తే, 12 అంకెలు, మొదట్లో 55 గానీ 56 గానీ ఉంటుంది. 12 బిట్లంటే మూడు హెక్స్ అంకెలు, చివరి ఆ మూడూ పోతే తొమ్మిది మిగులుతాయి. వెనక ఎనిమిదీ నీ నంబరు చోట పడ్డాయి, ముందున్న 5 బరువు చోట పడింది. నెక్స్ట్ ఉన్న చోట ఇంకో గుర్తు రాస్తుంది. దాన్ని అడ్రెస్ అనుకుని వెళ్లావు కాబట్టి ప్రోగ్రామ్ పడిపోయింది.

మార్చాల్సింది ఇంతే. ఫంక్షన్‌లో స్ట్రక్ట్ నోడ్ **హెడ్ అని తీసుకో, మెయిన్‌లో డిలీట్(&హెడ్, 41) అని పిలువు. లోపల:

టెంప్ = *హెడ్;
*హెడ్ = (*హెడ్)->నెక్స్ట్;
ఫ్రీ(టెంప్);

పాత కోడ్‌ను చెరిపేయకుండా ఒకసారి వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే టూల్) కింద నడుపు. కంపైల్ చేసేటప్పుడు హైఫన్ జీ పెడితే ఏ లైనులో తప్పు చదివావో, దాన్ని ఏ లైనులో ఫ్రీ చేశావో రెండూ చూపిస్తుంది.

ఉదయగిరి మేస్టారు:
అమ్మాయ్, కొత్త బేలు మధ్యలో చేర్చేటప్పుడు కూడా జాగ్రత్త. మా వైపు గొలుసుకట్టు చెరువులు నువ్వు చూసే ఉంటావు. పై చెరువు నిండితే కలుజు పారి కింది చెరువుకు నీళ్లు పోతాయి. మధ్యలో కొత్త చెరువు తవ్వితే ముందు దాని కలుజును కింది చెరువుకు కలపాలి, ఆ తర్వాతే పై చెరువు కాలువను దీంట్లోకి తిప్పాలి. ముందే తిప్పావంటే కింది చెరువుకు దారి ఎటో చెప్పేది ఇంకేదీ ఉండదు. కాబట్టి కొత్త->నెక్స్ట్ = ముందుది->నెక్స్ట్ మొదట, ముందుది->నెక్స్ట్ = కొత్త తర్వాత. చివర్లో చేర్చే నోడ్‌కు నెక్స్ట్ నల్ అని నువ్వే రాయాలి, నోడ్‌కు మెమరీ ఇచ్చే మాలాక్ ఏదీ సున్నా చేసి ఇవ్వదు. మా పిల్లల రికార్డుల్లో నేను ఎక్కువగా దిద్దేది ఈ రెండే.

కందుకూరు అమ్మాయి:
పోయింది అన్నా! 41 తీస్తే ఇప్పుడు 42, 43, 44 వరుసగా వస్తున్నాయి. మొదట బ్రాకెట్లు లేకుండా *హెడ్->నెక్స్ట్ అని రాస్తే కంపైలర్ ఒప్పుకోలేదు. నక్షత్రం కంటే బాణానికే ముందు లెక్క అని అప్పుడు తెలిసింది. పాత కోడ్‌ను వాల్‌గ్రైండ్‌లో నడిపితే, 16 బైట్ల ముక్క ఫ్రీ అయ్యాక అందులో 4 బైట్లు చదివావని లైను నంబరుతో సహా చెప్పింది. ఆ 4 బైట్లు నా బేలు నంబరే.

మేస్టారూ, చేర్చే వరుస నాది సరిగానే ఉంది. కానీ మీరు చెప్పాక మొత్తం మళ్లీ చదివితే, చివర్లో అన్నీ వదిలించే లూప్‌లో ఫ్రీ(టెంప్) అని, దాని కింద టెంప్ = టెంప్->నెక్స్ట్ అని ఉంది. కింది చెరువు దారి చూసుకోకుండా పై చెరువు పూడ్చేశాను. ఇప్పుడు నెక్స్ట్‌ను ముందే వేరే పాయింటర్‌లో దాచుకుంటున్నా. వాల్‌గ్రైండ్ సున్నా ఎర్రర్లు అంటోంది.