‘సిన్స్ టూ ఇయర్స్’ ఎందుకు తప్పు?

ప్రశ్న: పోటీ పరీక్షకు చదువుతున్నాను. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అన్న వాక్యంలో తప్పు పట్టమంటే నాకేమీ కనిపించలేదు, కానీ జవాబులో రెండు చోట్ల దిద్దారు. కారణం దయచేసి వివరించగలరా?

జవాబు 1: అది మీకు సరిగ్గా వినిపించడానికి కారణం మన తెలుగే. ‘సోమవారం నుంచి’, ‘రెండేళ్ల నుంచి’ అని మనం రెండింటికీ ‘నుంచి’ వాడతాం; ఇంగ్లీషులో మాత్రం మొదలైన క్షణానికి ‘సిన్స్’, గడిచిన కాలపరిమాణానికి ‘ఫర్’ వాడాలి. అలాగే ‘పనిచేస్తున్నాను’ అన్న ఒక్క రూపం మనకు సరిపోతుంది గానీ, గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషులో ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. కాబట్టి ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అన్నదే సరైన వాక్యం.

జవాబు 2: పై వివరణ చాలా బాగుంది. ఇలాంటి మరో తప్పు, అంటే కర్తకు, క్రియకు వచనం కుదరకపోవడం పట్టుకోవడానికి నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఒకటుంది. ‘ది క్వాలిటీ ఆఫ్ దీజ్ మ్యాంగోస్ ఆర్ గుడ్’ అన్నప్పుడు ‘ఆఫ్ దీజ్ మ్యాంగోస్’ మీద వేలు పెట్టి మూసేయమంటాను. అప్పుడు మిగిలే కర్త ‘క్వాలిటీ’ ఏకవచనం కనుక, అక్కడ ‘ఈజ్’ రావాలని వాళ్లకే తెలిసిపోతుంది.

జవాబు 3: ‘డిస్కస్ అబౌట్’ కూడా చూసుకోండి. ‘గురించి చర్చించు’ అన్న అలవాటు వల్ల ‘అబౌట్’ చేరిపోతుంది. క్రియ తర్వాత అది అక్కర్లేదు. నామవాచకమైన ‘డిస్కషన్’ తర్వాత మాత్రం ‘అబౌట్’ తప్పు కాదు.